నోటికి బంపర్

మొన్న ఆదివారం మా దంతవైద్యుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఓ ప్రశ్న వదిలారు: "మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళు నోట్లో మౌత్‌గార్డ్ పెట్టుకోవాలా, అక్కర్లేదా?" సెలవురోజు కదా, అందరికీ తీరికే. బాక్సర్లు పెట్టుకోగా లేనిది బైకువాళ్ళు పెట్టుకుంటే తప్పేమిటని ఒకరు. మన సూరత్ స్పీడ్‌బ్రేకర్లు చూశాక కారువాళ్ళు కూడా పెట్టుకోవాలని ఇంకొకరు. గార్డ్ ఉంటే పొగాకు, వక్క కలిపిన మావా నమిలేదెలా, ఊరు ఊరంతా తిరగబడుతుందని మరొకరు. నేనూ ఏదో టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ చెరిపేశాను. నేను టైపు చేస్తున్నట్టు అరగంటసేపు అందరికీ కనబడి ఉంటుంది. చివరికి ఎవరో "మేడమ్ పుస్తకం రాస్తున్నట్టున్నారు" అని నవ్వుబొమ్మ పెట్టారు.

పుస్తకం కాదు. రెండు వాక్యాలు. ఒక మనిషికి నేను చెప్పాల్సినవి, చెప్పేశాననుకున్నవి.

ఆయన పేరు రాయను. క్లినిక్ ఫైల్లో ఉంది గానీ ఆ పేరుతో మేమెవ్వరం ఆయన్ని పిలవలేదు. మా అసిస్టెంట్ ఊర్మిళాబెన్ "కాకా" అనేది, నేను "పెద్దాయనా" అనేదాన్ని. ఆయన నన్ను మొదటిరోజు "డాక్టరమ్మా" అన్నాడు, రెండోసారి వచ్చేసరికి "బిడ్డా" అన్నాడు. ఫీజు తగ్గించమనడానికేమో అనుకున్నాను. ఎప్పుడూ తగ్గించమని అడగలేదు. నా అనుమానాలు ఇలాగే ఉంటాయి.

సూరత్‌లో మేం ఉండేది ఆల్థాన్‌లో, క్లినిక్ పెట్టింది మగ్గాల షెడ్లుండే లింబాయత్ వైపు. పళ్ళు కట్టి బతికేదాన్ని, ఏటా పన్ను కూడా కడతాను, ఆల్థాన్‌లో క్లినిక్‌కి అద్దె మాత్రం కట్టలేను. బోర్డు మీద గుజరాతీ, హిందీలతో పాటు కింద తెలుగులో కూడా రాయించాను. ఆ కింది వరస చూసి సిరిసిల్ల, కరీంనగర్ల నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళు లోపలికొస్తారు. నా తెనాలి తెలుగు విని "ఇదెక్కడి తెలుగు?" అని కాసేపు నవ్వుకుంటారు. నవ్వితే పళ్ళు కనబడతాయి, నాకు అదో సౌకర్యం.

ఆయన కంటే ముందు ఆయన బండి కనబడింది నాకు. నీలం రంగు పాతకాలపు మోటార్‌సైకిల్, దానికి నాలుగు అద్దాలు. రెండు మామూలువి, రెండు టెంపోకి ఉండేంత పెద్దవి. బయట ఆపుతుంటే వీధి వీధంతా అందులో కనబడింది. ఆయన లోపలికొచ్చి మావా కట్టే చిన్న ప్లాస్టిక్ పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. విప్పితే అందులో రెండు పళ్ళున్నాయి, పై వరస ముందువి. ముందురోజు కాలువ రోడ్డులో స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరి పడ్డాడట.

"పోగు తెగితె ముడేస్తం గద బిడ్డా, గట్ల జర ముడెయ్యి వీటిని."

ఊడిన గంటలోపు వస్తే ప్రయత్నించేవాళ్ళమనీ, ఇప్పుడు కుదరదనీ, పక్క పళ్ళ ఆసరాతో కొత్తవి కట్టాల్సిందేననీ చాలాసేపు వివరించాను. ఆయన చిరునవ్వుతో తల పక్కకు రెండుసార్లు ఊపాడు. ఎంత శాంతమైన మనిషో అనుకున్నాను. తర్వాత మెల్లగా నా ముక్కువైపు వేలు చూపించాడు.

"జర మాస్కు దించు. నీ మాట కనబడ్తలేదు."

మరమగ్గాల షెడ్డులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. ఆ మోతలో అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినబడదు, పెదవులు చూసి చదువుకుంటారు. పని మానేసేసరికి చెవులు కూడా మానేశాయి. కళ్ళు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. బండికి నాలుగు అద్దాలెందుకో అప్పుడు తెలిసింది. "అవి అద్దాలు గావు, నా చెవులు," అన్నాడు.

అలా ఆయన దగ్గర మాస్కు దించి, మాట అయ్యాక మళ్ళీ ఎక్కించడం నాకు అలవాటైంది. పెదవులు కదిలిస్తే చాలని తెలిశాక గొంతు కూడా తగ్గించేశాను. ఊర్మిళాబెన్ మా ఇద్దరినీ చూసి, "మేడమ్, మీరు రహస్యాలు మాట్లాడుకుంటున్నట్టుంది," అనేది. నిజానికి ఆయనవి ఒక్కటీ రహస్యంగా ఉండేవి కావు. తన గొంతు తనకు వినబడక, పిప్పిపన్ను గురించి చెప్పినా పక్కవీధి దాకా వినబడేట్టు చెప్పేవాడు.

తలూపుల గురించి కూడా ఆయనే చెప్పాడు, ఓ రోజు పంటికిచ్చిన మత్తు సూది పనిచేసేదాకా కూచుని. గదుమ, అంటే గడ్డం, కిందికి ఒక్కసారి దించితే, అర్థమైందని. తల పక్కకు రెండుసార్లు ఊపి నవ్వితే, వినబడలేదు, పోనీ, పని ఆగొద్దు అని. మేస్త్రీ ఏదో అరుస్తాడు, మళ్ళీ అడిగితే కోప్పడతాడు, అలా ఊపేస్తే తన దారిన తాను పోతాడు.

"గిది దునియల అందరి కాడ నడుస్తది. మా ఇంటామె కాడ నడువది," అన్నాడు. "ఆమె గూడ గదే కార్ఖానల బాబిన్లు చుట్టింది. నేను తల పక్కకు ఊపిన్ననుకో, దగ్గరికొచ్చి మల్ల చెప్తది. నోరు పెద్దగ తెరిచి, ఒక్కొక్క మాట. తప్పించుకునుడు లేదు."

ముందుపళ్ళ కోసం ఆయన పడ్డ ఆరాటం ఆ ఇంటామె కోసమే. నాకు మొదట అర్థం కాలేదు. ఈ వయసులో అందం పిచ్చేమిటని లోపల నవ్వుకున్నాను కూడా. అప్పుడాయన తన పై పెదవిని వేలితో చూపించాడు. పళ్ళు లేక అది లోపలికి కుంగిపోయింది.

"పెదువు లోపటికి పోతాంది బిడ్డా. నేను మాట్లాడేది ఆమెకు తెలుస్తలేదు. నలబై ఏండ్ల సంది చదివిన మొకం. ఇప్పుడు అచ్చుల తప్పులు పడ్డట్టయింది. ఉప్పు తక్కువైందంటె దుప్పటి తెచ్చిస్తాంది."

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు, పెదవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ పొట్లంలోని పళ్ళలో ఒకదానికి అంచు మధ్యలో చిన్న గాడి ఉంది. ఏళ్ళ తరబడి దారం కొరికి కొరికి పడ్డ గాడి. మగ్గం పనివాళ్ళ నోళ్ళలో నేను చాలా చూశాను, వెయ్యి నోళ్ళలోనైనా వాళ్ళని గుర్తుపట్టొచ్చు. కొత్త పళ్ళు కట్టి అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకుని, నాలుకతో తడుముకుని, దిగులుగా మొహం పెట్టాడు.

"గాడి ఏది?"

"కొత్త పన్ను కదా పెద్దాయనా. గాడి ఎందుకుంటుంది?"

"నాలిక దేవులాడుతాంది."

నా వృత్తిలో పళ్ళకున్న సొట్టలు పూడ్చడమే గానీ, బాగున్న పన్నుకు సొట్ట పెట్టింది ఆ ఒక్కసారే. సన్నటి డ్రిల్లు మొనతో వెంట్రుకంత గీశాను. ఆయన నాలుక అక్కడికి వెళ్ళి ఆగింది. గదుమ ఒక్కసారి కిందికి దించాడు.

ఆ రోజు ఇంటామె కూడా వచ్చింది, పరీక్షకు. వేచి ఉండే గదిలో ఆ చివరి కుర్చీలో ఆమె, ఈ చివర గుమ్మంలో ఆయన. మధ్యలో నలుగురు పేషెంట్లు వాచిన దవడలతో. ఆయన చప్పుడు లేకుండా పెదవులతో ఏదో అన్నాడు. ఆమె ఒక్క క్షణం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సిగ్గులేదు ముసలోనికి!" అని పైకి అనేసింది. ఏమన్నాడని నేనెంత అడిగినా ఇద్దరూ చెప్పలేదు. నలుగురు పేషెంట్లూ నొప్పి మరిచి నవ్వారు. నా క్లినిక్‌లో మత్తు ఇవ్వకుండా నొప్పి తగ్గింది ఆ రోజే.

మగ్గం మానేశాక ఆయన షెడ్ల నుంచి తాకాలు చేరవేసేవాడు. తాకా అంటే మగ్గం మీంచి దిగిన గుడ్డ, చుట్టలుగా ఉంటుంది. వాటిని బండి ట్యాంకు మీద అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చుకుంటే గదుమ దాకా వస్తాయి. పైదాని మీద గదుమ ఆనించి అదిమిపెడితే జారవు. అలా చేతులు హ్యాండిల్‌కీ, కళ్ళు అద్దాలకీ, గదుమ గుడ్డకీ అప్పగించి రింగురోడ్డు బట్టల మార్కెట్టు దాకా పోయి వచ్చేవాడు. గదుమకు అడ్డం వచ్చే పూర్తి హెల్మెట్ ఆయనకు పనికిరాదు. నెత్తి మీద గిన్నె బోర్లించినట్టుండే సగం టోపీ పెట్టుకునేవాడు.

"సగం టోపీ పోలీసోనికి, సగం మొకం తాకాలకు," అనేవాడు.

మంచి మాట. నేను నలుగురికి చెప్పాను కూడా. మాట బాగుంటే చాలు నాకు, అందులో ఉన్న మనిషి ఏమవుతాడన్నది తర్వాత.

కొన్నాళ్ళకు ఆయన ఫోన్ పట్టుకుని వచ్చాడు. అందులో బాక్సింగ్ వీడియో. ఒకడు గుద్దు తిని, నోట్లోంచి ఏదో తీసి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు.

"గిదేంది?"

మాస్కు దించి చెప్పాను, మౌత్‌గార్డ్ అని, దెబ్బ తగిలినా పళ్ళు ఊడకుండా.

"బండి నడిపెటోళ్ళకు గూడ ఉంటదా?"

ఉండదనాలి. లేదా, ఉన్నా నీకు కావలసింది అది కాదు అనాలి. నాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే ఒక మాటా వచ్చింది. "బండికి బయట బంపర్, నోటికి లోపల బంపర్!" అన్నాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. "బంపర్" అన్న మాట అలా ఖాయమైపోయింది. "నాకు నీలం రంగుది చెయ్యి బిడ్డా, బండికి జతయితది. ఇంకోసారి పడ్డా ఈ పండ్లు పోవద్దు. మల్ల ముసల్దానికి మాట తెలువకుంట అయితె ఎట్ల?"

పళ్ళ అచ్చు తీసుకుని నీలం రంగు గార్డ్ చేయించాను. అది ఇచ్చే రోజు ముందుగా ఒక ఫోటో తీశాను. సగం టోపీ, నాలుగు అద్దాలు, నోట్లో నీలం రంగు వరస, వెనకాల మా బోర్డు స్పష్టంగా. నా బంపర్ మాటను కింద రాసి క్లినిక్ పేజీలో పెట్టాను. చాలామందికి నచ్చింది. ఆ సగం టోపీ గురించి ఒక్కరూ అడగలేదు. అడగాల్సింది ఎవరో నాకు తెలుసు.

ఆ రోజు బయట జనం నిండిపోయి ఉన్నారు. ఒకావిడ దవడ పట్టుకుని ఏడుస్తోంది. ఊర్మిళాబెన్ గుమ్మంలో నిలబడి నావైపు చూస్తోంది. నేను చేతులకు కొత్త గ్లవ్స్ తొడుక్కుంటూ, ట్రే వైపు తిరిగి, చెప్పాను. చెప్పానన్నది నిజం. "పెద్దాయనా, ఇది పళ్ళకు మాత్రమే, గదుమనూ తలనూ కాపాడదు. తాకాలు వెనక కట్టుకుని పూర్తి హెల్మెట్ పెట్టుకోండి."

రెండు వాక్యాలు. వైద్యశాస్త్రం ప్రకారం ఒక్క తప్పు లేదు. మాస్కు లోపలి నుంచి చెప్పాను.

తిరిగి చూసేసరికి ఆయన నవ్వుతున్నాడు. తల పక్కకు ఊగింది. రెండుసార్లు.

ఆ తలూపు నాకు తెలుసు. దాని అర్థం ఆ ఊళ్ళో నాకంటే బాగా తెలిసిన డాక్టరు లేడు. మాస్కు దించడానికి ఒక వేలు చాలు. కానీ గ్లవ్స్ కొత్తవి, ముట్టుకుంటే మళ్ళీ మార్చాలి. "నెక్స్ట్," అన్నాను. అది మాత్రం ఊర్మిళాబెన్‌కు బాగా వినబడింది.

తర్వాత ఆయన మూడుసార్లు వచ్చాడు. పని ఉండి కాదు, అటు పోతూ. ఒకసారి బంపర్ నోట్లో ఉంటే మావా పెట్టుకోవడానికి చోటు లేదనీ, బండి మీద మావా మానేశాననీ చెప్పాడు. ఎంత చెప్పినా నేను మాన్పించలేనిది నీలం ప్లాస్టిక్ ముక్క మాన్పించింది. ఇంకోసారి, సిగ్నల్ దగ్గర పక్క బండి మీద పిల్ల తన నీలం పళ్ళు చూసి జడుసుకుందని చెప్పి, తీసి మళ్ళీ పెట్టి చూపించాడు. మూడోసారి ఊరికే, "మంచిగున్నవా బిడ్డా?" అనడానికి. మూడుసార్లూ నా మాస్కు గదుమ కిందే ఉంది. మూడుసార్లూ ముందు ఏదో హాస్యం దొరికింది, అది అయ్యేసరికి ఆయన బండి ఎక్కేశాడు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళని నోరు తెరవమనేదాన్ని. నా నోరు మాత్రం నవ్వడానికే తెరుచుకుంది.

ఆ తర్వాత రాలేదు. నేను గమనించలేదు కూడా. పళ్ళు బాగున్నవాళ్ళు రారు కదా.

ఒకరోజు పొద్దున క్లినిక్ తెరిచేసరికి ఇంటామె కూర్చుని ఉంది, అప్పటి ఆ చివరి కుర్చీలోనే. నుదురు బోసిగా ఉంది. చేతిలో గార్డ్ పెట్టుకోవడానికి నేనిచ్చిన డబ్బా. నేను మాస్కు కట్టుకుని ఉన్నాను, అది దించడం కూడా తోచలేదు.

నెల దాటిందట. అదే కాలువ రోడ్డు. కుక్క అడ్డమొచ్చింది, తప్పించబోయి పడ్డాడు. ముందున్న తాకాలతో సహా గదుమ సిమెంటు దిమ్మెకు కొట్టుకుంది. రక్తం కూడా పెద్దగా రాలేదట. దెబ్బ గదుమ నుంచి తలలోకి పోయిందని పెద్దాసుపత్రిలో అన్నారట. రెండు రోజులు ఉన్నాడు.

చెప్పి, ఆమె డబ్బా నా చేతిలో పెట్టింది.

"పండ్లు ఒక్కటి గూడ కదలలే బిడ్డా. దవాఖానల గూడ చూసి అన్నరు, పండ్లన్నీ మంచిగున్నయని. నీకు చెప్పిపోదామని వచ్చిన. మంచి సామాను చేసినవ్."

ఆమె నాకు కృతజ్ఞత చెప్పడానికి వచ్చింది. రెండు బస్సులు మారి.

"గిది ఎవలకన్న బీదోళ్ళకు పెట్టు. కొత్త తీర్గనే ఉన్నది."

డబ్బా తెరిచాను. నీలం గార్డ్, శుభ్రంగా కడిగి ఉంది. లోపలివైపు ఆయన పళ్ళ అచ్చు, ముందువైపు ఒకచోట వెంట్రుకంత గట్టు, నేను పెట్టిన గాడికి జత. అది ఆయన నోటికి తప్ప ఈ భూమ్మీద ఇంకెవరి నోటికీ సరిపోదు. ఆ మాట చెప్పలేక మూత పెట్టేశాను.

ఆమె లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చుంది.

"గిది ఇచ్చిననాడు నువ్వేదో చెప్పినవట. ఇంటికొచ్చి అన్నడు. డాక్టరమ్మ ఏదో చెప్పింది, మాస్కుల ఉన్నది, కనబడలే, మల్లొక్కసారి పోయినప్పుడు అడుగుత అన్నడు. అడిగిండా?"

లేదన్నట్టు చెయ్యి ఆడించాను.

"అడగడు. నువ్వు పనిల ఉంటవని అడిగి ఉండడు. ఏం చెప్పినవ్ బిడ్డా?"

ఆమె కళ్ళు నా మాస్కు మీద ఉన్నాయి. ఓపికగా. అప్పుడు దించాను. దించడానికి ఒక్క వేలు చాలిందని రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదు.

పూర్తి హెల్మెట్ వల్ల ఆయన బతికేవాడా అంటే, డాక్టరుగా ఖాయంగా చెప్పలేను. బతికేవాడేమో. ఆ 'ఏమో' వెనక దాక్కోవచ్చని ఆమె ఎదుట ఆ క్షణంలో నాకు తట్టింది, అదీ రాయాలి. దాక్కోలేదు. ఆ రెండు వాక్యాలూ చెప్పబోయాను. పెదవులు మాత్రం కదిలాయి. ఇది పళ్ళకు మాత్రమే. గదుమనూ తలనూ కాపాడదు. తాకాలు వెనక కట్టుకుని పూర్తి హెల్మెట్ పెట్టుకోండి.

ఆమెకు గొంతు అవసరం లేదు. చివరి మాట దాకా చదివింది. గదుమ ఒక్కసారి కిందికి దించింది.

"గదే మాట నేను గూడ మొత్తుకున్న," అంది. కోపం లేదు, ఆమె గొంతులో ఎక్కడా లేదు. "సగం టోపీ వద్దు, తాకాలు ఎన్క కట్టుకో అన్న. ఇంటోళ్ళ మాట ఎవలింటరు? నువ్వంటె పాణం ఆయనకు. నువ్వు చెప్తె ఇనెటోడు."

నాకు వినబడింది. ప్రతి అక్షరమూ వినబడింది. కానీ ఏదో ఒకటి చెయ్యాలి గనుక, తల ఊపాను. ఊపాక తెలిసింది. పక్కకు, రెండుసార్లు.

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. అర్థం కాలేదనుకుంది. లేచి దగ్గరికొచ్చి, నా మొహానికి ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటగా, మళ్ళీ చెప్పింది.

"నువ్వు... చెప్తె... ఇనెటోడు."